ఎర్రక్క పేరు మీది ఇల్లు

ఆ రోజుల్లో నాకు రెండు గట్టి నమ్మకాలుండేవి. న్యాయం మన వైపు ఉంటే పని దానంతటదే అయిపోతుందని ఒకటి, కాస్త గొంతు పెంచితే ఇంకా త్వరగా అయిపోతుందని ఇంకొకటి. కామర్సు డిగ్రీ చేతికొచ్చి, కోయంబత్తూరు పక్క సింగానల్లూరులో మోటారు పంపులు చేసే చిన్న కంపెనీ ఒకదాంట్లో లెక్కలు రాసే ఉద్యోగంలో చేరిన కొత్త. టౌన్ బస్సులో ఆడవాళ్ల సీటులో కూర్చున్న మగవాళ్లను లేపడం, కూరగాయల బండివాడు పుచ్చు వంకాయ వేస్తే వెనక్కి నడిచి వెళ్లి మార్పించుకురావడం, ఆ ఘనకార్యాలన్నీ ఇంటికొచ్చి పూసగుచ్చినట్టు చెప్పడం నాకు అలవాటు. అందుకే ఇంట్లో నన్ను ‘లాయరమ్మ’ అనేవారు. (చదివింది కామర్సు అన్న సంగతి ఎవరికీ పట్టలేదు.) ఆ పేరు నిలబెట్టుకుందామనే మా అత్త ఇంటి పని నెత్తికెత్తుకున్నాను. ఆ వ్యవహారం తలచుకుంటే నాకు ఇప్పటికీ ముందు కోపమే వస్తుంది. నవ్వు ఆ తర్వాత, తీరిగ్గా వస్తుంది.

అత్తంటే మా నాయనకి అక్క. పెళ్లయిన కొన్నాళ్లకే మామ పోతే పుట్టింటికి వచ్చేసి, తాత కట్టిన పెంకుటింట్లోనే ఉండిపోయింది. ముందుగదిలో గ్రైండరు పెట్టుకుని, ఇడ్లీకీ దోసెకీ పిండి రుబ్బి వీధిలోని దుకాణాలకు పోసేది. ఆ పిండిని అక్కడ తమిళంలో ‘మావు’ అంటారు, అత్తని ‘మావక్క’ అనేవారు. మావు బాగుంది, గిరాకీ బాగుంది, బాగా లేనిది కరెంటు ఒక్కటే. గ్రైండరు తిరుగుతుంటే ఇంట్లో ఫ్యాను ఆగిపోయేది, పక్కింట్లో టీవీ కళ్లు మూసేది. పెద్ద గ్రైండరు పెట్టాలంటే పెద్ద కనెక్షను కావాలి, దానికి ఇల్లు ఎవరి పేర ఉందో వాళ్లే వచ్చి అడగాలన్నారు కరెంటు ఆఫీసులో. అవతల దుకాణాలవాళ్లు, ఇంకా ఎక్కువ మావు పోయలేకపోతే ప్యాకెట్లు తెప్పించుకుంటామని మర్యాదగా చెబుతున్నారు. అంటే ఇల్లు అత్త పేరు మీదికి రాకపోతే అత్త బతుకుతెరువు పోతుంది. తాతకి పిల్లలు ఇద్దరే, అత్తా, మా నాయనా. “ఇల్లు అక్కది. నాకేమీ వద్దు. యాడ కయ్యెత్తు పెట్టాలో చెప్పు, పెడతాను,” అన్నాడు నాయన. (మా వాళ్లు సంతకాన్ని కయ్యెత్తు అనే అంటారు.) కొట్లాట లేని ఆస్తి, ఇవ్వడానికి ఒప్పుకున్న తమ్ముడు. ఇంతకంటే న్యాయం ఇంకెవరి వైపు ఉంటుంది? ఒక పూట సెలవు పెట్టి ముగించుకొస్తానని కంపెనీలో చెప్పాను.

అడ్డు ఒక్కటే. పత్రంలో ఇల్లు తాత పేరు మీద లేదు. ఎర్రక్క పేరు మీద ఉంది.

ఎర్రక్క మా ఇంటి సామి. మా వాళ్లు ఎన్నో తరాల కిందట తెలుగు నేల వదిలి పిల్లాజెల్లాతో ఈ తమిళ దిక్కుకు దిగివస్తుంటే, దారిలో ఏటికి నీళ్లొస్తే, చిన్నపిల్లలందరినీ ఒక్కొక్కరినే దాటించి చివరికి తాను మునిగిపోయిన పెళ్లికాని పిల్ల అని చెబుతారు. ఆమెకి గుడి లేదు, బొమ్మ లేదు. లోపలిగదిలో దూలానికి వేలాడే వెదురుపెట్టె, దాంట్లో ఒక చీర, అంతే. ఏడాదికొకసారి కొత్తచీర మడిచి పెట్టెలో పెడతారు, పాతది తీసి ఆ ఇంట్లో పుట్టిన ఆడపిల్ల కట్టుకుంటుంది. మా ఇంట్లో అత్తే కడుతూ వచ్చింది. ఇక తాత సంగతి. మేలూరు పక్క పల్లెలో అన్నదమ్ములు పాలు పంచుకున్నప్పుడు ఆయన కళ్లముందే నట్టింట్లో గోడ లేచిందట. ఆ కడుపుమంటతో కోయంబత్తూరు వచ్చి మిల్లులో చేరి, ఈ స్థలం కొన్నప్పుడు, ఈ ఇంటిని మాత్రం ఎవడూ పంచకూడదని ఎర్రక్క పేర రాయించేశాడు. సామి సొత్తు మీద చెయ్యి వేసే మొనగాడు ఎవడని ఆయన ధీమా. ఇంటి దేవతకి చీర పెట్టినవాళ్లను చూశాను, పొంగలి పెట్టినవాళ్లను చూశాను, పట్టణంలో ఇల్లు పెట్టినవాడు మా తాత ఒక్కడే. రాసేవాడు రాశాడు, ముద్ర వేసేవాడు వేశాడు. కొన్న మనిషి ముఖం ఒక్కసారి చూద్దామని ఎవరికీ తోచలేదు కాబోలు.

రిజిస్ట్రారాఫీసు ముందు పత్రాలు రాసే పెద్దాయన అంతా విని, “ఓనరమ్మని పిలుచుకురా,” అన్నాడు. ఆమె రాదన్నాను. ఒంట్లో బాగాలేదా అన్నాడు. అదేం లేదన్నాను. అయితే ఆటోలో తీసుకురా అన్నాడు. అక్కడి నుంచి తాలూకాఫీసుకి తోశారు. అక్కడ మాకు దొరికిన అధికారికి నేను పెట్టుకున్న పేరు ‘మూతసారు’. ఆయన ఏ కాగితమైనా శ్రద్ధగా చదివేవాడు, చదివి ఇది కుదరదు అనుకోగానే పెన్నుకి మూత పెట్టేవాడు. ఆ మూత టక్కుమన్న చప్పుడు వింటే చాలు, నాకు ఒళ్లు మండేది. ఆయన మొదటిరోజు నన్ను అడిగింది ఒకటే ప్రశ్న. “ఆళు ఉయిరోడ ఇరుక్కాంగళా?” మనిషి ప్రాణాలతో ఉన్నారా అని. లేరండి అన్నాను. “అప్పుడు మరణ సర్టిఫికెట్టు, వారసుల సర్టిఫికెట్టు తీసుకురా,” అని మూత పెట్టేశాడు. అవి ఇచ్చేది కూడా ఆ ఆఫీసేనట, కానీ అడగవలసింది కంప్యూటర్లోనట.

సేవాకేంద్రంలో కంప్యూటరు ముందు కూర్చున్న అమ్మాయి పాపం మంచిదే, కంప్యూటరే మొండిది. ఎర్రక్క భర్త పేరు అడిగింది, పెళ్లి కాలేదన్నాం. పుట్టిన తేదీ అడిగింది, చనిపోయిన తేదీ అడిగింది, ఆధార్ నంబరు అడిగింది. ఏ గడి ఖాళీగా వదిలినా ఎర్రగా మెరిసి, ముందుకు కదలనని కూర్చునేది. చివరికి ఆ అమ్మాయి ఏవో తంటాలు పడి, మొబైలు నంబరు దగ్గర నాది వేసి పంపించింది. ఆ క్షణం నుంచి ప్రభుత్వం దృష్టిలో ఎర్రక్క ఫోను నా చేతిలో ఉంది. కంపెనీలో లెక్కలు చూసుకుంటుంటే టింగుమనేది. ఎర్రక్క గారికి వందనాలు, మీ ఓటీపీ ఇది, దీన్ని ఎవరికీ చెప్పవద్దు. కొన్నాళ్లకు ఇంకొకటి. ఎర్రక్క గారూ, తమరు విచారణకు స్వయంగా హాజరు కానందున తమ మరణ ధ్రువీకరణ దరఖాస్తు తిరస్కరించబడినది. అది చదివి నేను కుర్చీలోంచి లేచిన వేగానికి మా మేనేజరు ఎవరైనా పోయారా అని అడిగాడు. అదేనండీ, పోయిందని ఒప్పుకోవడం లేదు అన్నాను.

ఆ మర్నాడు తాలూకాఫీసులో నేను నిజంగానే ఒంటికాలి మీద లేచాను. “సార్, ఆమె పోయి రెండువందల ఏళ్లు దాటింది. రెండువందల ఏళ్లు,” అని హాలంతా వినబడేలా చెప్పాను. పక్కనే నిలబడ్డ అత్త నా చెయ్యి పట్టుకుని లాగుతూ, “అట్ల అనొద్దు అమ్ముణీ, సామి వింటుంది,” అని గొణుగుతోంది. మూతసారు మాత్రం చెక్కు చెదరలేదు. “రెండువందల ఏళ్లుగా ఎందుకు తెలియజెయ్యలేదు? ఇంత ఆలస్యానికి పై అధికారి ఆర్డరు కావాలి,” అన్నాడు. నేను పళ్లు కొరుక్కుని, చివరి అస్త్రమని భ్రమపడి, “ఆమె మనిషి కాదు సార్, మా సామి,” అన్నాను. అంతే, ఆయన ముఖం విప్పారింది. మొదటిసారి పెన్ను మూత తీశాడు. దరఖాస్తు మీద ఏదో చకచకా రాసి, దాన్ని గుళ్లు చూసే శాఖకి పంపేశాడు. తలనొప్పి పక్క ఆఫీసుకి పోతుందంటే ఎవరికి సంతోషం ఉండదు చెప్పండి.

అలా నేను నోరు పారేసుకున్న పుణ్యమా అని, కొన్ని వారాలకు ఆ శాఖ నుంచి ఒకాయన గుడి చూడడానికి మా అత్త ఇంటికి వచ్చాడు. గోపురం ఎక్కడ అన్నాడు. హుండీ ఎక్కడ అన్నాడు. అత్త ఆయన్ని కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి, వేడివేడి ఇడ్లీ పెట్టి, పెట్టె చూపించి, రోజూ పొద్దునే దీపం పెడతానని ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన తృప్తిగా తిని, నిత్యపూజ జరుగుతోందనీ, ప్రసాదం పెడుతున్నారనీ రాసుకుని వెళ్లాడు. నేను సాయంత్రం వచ్చి ఈ సంగతి విని తల పట్టుకున్నాను. ఆ రాత ముదిరితే ఇల్లు గుడి అవుతుంది, అత్త ఆ గుడిలో మావు రుబ్బుకునే బయటి మనిషి అవుతుంది. “మంచోడే పాపం, ఇంకో ఇడ్లీ వేసుకోమన్నా వేసుకోలేదు,” అంది అత్త.

ఇక లాభం లేదని నాయన తనకి బావమరిది వరసయ్యే వకీలు మామని పట్టుకొచ్చాడు. ఆయన కాలు మీద కాలు వేసుకుని తేల్చేశాడు. కోర్టుకి పోవాలి. ఇల్లు తాత సంపాదనతో కొన్నదనీ, ఎర్రక్క అన్నది ఉత్త పేరే తప్ప అలాంటి మనిషీ లేదు, దేవతా లేదు అనీ అత్త బోనెక్కి చెప్పాలి. అంతవరకు వింటున్న అత్త చేతిలో కాఫీ గ్లాసు కింద పెట్టింది.

“ఎర్రక్క లేదని నేనెట్ల చెప్పేది? ఈ పొద్దు కూడా దీపం పెట్టినాను గదా.”

“కోర్టులో చెప్పేదానికి సామి ఏమనుకోదు అక్కా.”

“నువ్వు అడిగినావా?”

వకీలు మామ కాలు మీంచి కాలు దించేశాడు. నాకు మాత్రం అత్త మీద చెడ్డ కోపం వచ్చింది. ఆఫీసుల చుట్టూ కాళ్లరిగేలా తిరిగింది నేను, జీతం కోత పెట్టించుకుంది నేను, ఈవిడ ఒక్క మాట చెప్పలేదా అని. “నీకు ఇల్లు కావాలా, పెట్టె కావాలా?” అని అరిచాను. అత్త లేచి లోపలికి పోయి గ్రైండరు వేసుకుంది. పక్కింట్లో టీవీ ఆగిపోయింది. చివరికి కేసు వెయ్యడానికి ఒప్పుకుంది కానీ, బోనులో ఏం చెప్పాలో తనకే వదిలెయ్యమంది.

కేసన్నాక ఎవరో ఒకరి మీద వెయ్యాలి. వకీలు మామ ముందు ఎర్రక్క మీదే వేశాడు, తర్వాత సర్కారు మీద. కోర్టు ఎర్రక్కకి నోటీసు పంపింది. చిరునామా పత్రంలో ఉన్నదే, అంటే అత్త ఇల్లే. నోటీసు పట్టుకొచ్చిన కోర్టు మనిషి తలుపు తట్టి, “ఎర్రక్క ఉన్నారా?” అన్నాడు. అబద్ధం చెప్పడం రాని మా అత్త, “లోపలుంది, కానీ మాట్లాడదు,” అంది. ప్రతివాది ఇంట్లోనే ఉండి నోటీసు తీసుకోవడానికి నిరాకరించింది అని రాసి, కాగితం తలుపుకి అంటించి పోయాడు. వాది, ప్రతివాది ఒకే ఇంట్లో కాపురం ఉంటూ, ఒకరు ఇంకొకరికి పొద్దునే దీపం పెట్టే కేసు ఆ కోర్టు ఇంకొకటి చూసి ఉండదు. అత్త ఆ నోటీసు జాగ్రత్తగా ఊడదీసి, కుంకుమ బొట్టు పెట్టి, “ఆమెకి వచ్చింది ఆమెకే చేరాల,” అని పెట్టెలో చీర కింద పెట్టింది.

ఆ తర్వాత వాయిదాలు. జడ్జికి బదిలీ అయిందని ఒకసారి, సర్కారు వకీలు రాలేదని ఒకసారి, ఆయన వస్తే ఫైలు రాలేదని ఒకసారి. ఈలోపు ఒక దుకాణం ప్యాకెట్లకు మారిపోయింది, దాని వెనకే ఇంకొకటి. మిగిలిపోయిన మావు పులిసిపోతే అత్త పారబొయ్యలేక, చుట్టుపక్కల ఇళ్లకు ఊరికే పంచిపెట్టేది. నేను కోర్టు వరండాలో కూర్చుని ఈ దేశంలో న్యాయం గురించి పక్కవాళ్లకు ఉపన్యాసాలిచ్చేదాన్ని. వాళ్లు నాకన్నా ఎంతో ముందునుంచి అక్కడ కూర్చుంటున్నవాళ్లు కాబట్టి ఓపిగ్గా వినేవారు.

ఎట్టకేలకు ఒకరోజు అత్తని పిలిచారు. కొత్తగా వచ్చిన జడ్జి ఆడమనిషి, కళ్లద్దాల మీదుగా చూసే రకం. ఫైలంతా తిరగేసి, తమిళంలో నిదానంగా అడిగింది, ఈ ఎర్రక్క అనే ఆమె ఉన్నారా, లేరా, ఒక్క మాటలో చెప్పమ్మా అని. వకీలు మామ నుదుటి చెమట తుడుచుకున్నాడు. లేదు అను అత్తా, లేదు అను, అని నేను వెనక బెంచీలో లోలోపల మొక్కుకుంటున్నాను. అత్త తమిళంలో మొదలుపెట్టబోయి, తడబడి, మా ఇంటి మాటలోకి దిగిపోయింది.

“ఉండాదమ్మా. లేదని నా నోట రాదు. అయితే ఆమెకి ఇల్లు ఏంటికి? ఆమెకి పెట్టె చాలు. ఇల్లు కావలసింది నాకి.”

అత్త నోట ‘నాకు కావాలి’ అన్న మాట నేను అంతవరకు వినలేదు. పుట్టింది తండ్రి ఇంట్లో, పోయింది మొగుడింటికి, తిరిగొచ్చింది మళ్లీ తండ్రి ఇంటికి, ఆ ఇల్లూ కాగితం మీద సామిది. ఇన్నేళ్లూ ఆమె ఏ ఇంట్లోనూ ఒక మేకు కూడా ఎవరినీ అడగకుండా కొట్టలేదు. నేను ఇదంతా నా గెలుపోటముల వ్యవహారమనుకుని ఊగిపోతున్నానే తప్ప, ఆ గోడలు ఎవరికి కావాలో ఆలోచించనేలేదు. ఏమన్నారని జడ్జి అడిగితే వకీలు మామ ఫైలులో తల దూర్చాడు. నేను లేచి నిలబడి, అత్త మాటలు ఉన్నవున్నట్టు తమిళంలో చెప్పాను. కూర్చో అని బంట్రోతు కసిరాడు. జడ్జి వద్దన్నట్టు చెయ్యి ఊపి, కాసేపు అత్తని చూసి, తలవంచుకుని రాసుకోవడం మొదలుపెట్టింది. ఆమె నవ్విందని వకీలు మామ ఇప్పటికీ అంటాడు. నాకు కనిపించలేదు, నా కళ్లు మసకగా ఉన్నాయి.

తీర్పు అత్త వైపే వచ్చింది. ఇల్లు తాత సంపాదనదనీ, పెట్టె ఆ ఇంటివాళ్ల సొంత పూజ అనీ, దాన్ని ఎవరూ కదిలించనక్కరలేదనీ జడ్జి రాసింది. అంతటితో అయిపోయిందనుకున్నాను చూడండి, అది నా ఇంకో అమాయకత్వం. తీర్పు నకలు రావాలి, నకలు మీద ముద్ర పడాలి, ముద్ర చూసి నాయన తన పాలు వదులుకున్న పత్రం రిజిస్టరు కావాలి, అది చూసి పట్టా మారాలి. ప్రతి మెట్టు దగ్గరా ఒక మూతసారు. కరెంటు మారి, పెద్ద గ్రైండరు వచ్చి, ప్యాకెట్లకు మారిన దుకాణాలు ఒక్కొక్కటే మళ్లీ అత్త గుమ్మంలోకి వచ్చేసరికి, నాకు పెళ్లయి మేట్టుపాళయం వచ్చేశాను. కొత్త గ్రైండరు మొదటిసారి వేసిన రోజు అత్త నాకు ఫోను చేసి, మాట్లాడకుండా, ఆ చప్పుడు వినిపించింది.

ఇన్నేళ్లయినా ఒక్కటి మాత్రం మారలేదు. ఇంటిపన్ను కాగితం ఇప్పటికీ ఎర్రక్క పేరు మీదే వస్తుంది. దాన్ని మార్పిస్తానని నేను పౌరుషంగా బయలుదేరినప్పుడల్లా, “పోనీలే, ఏడాదికి ఆమెకొచ్చేది అదొకటే కాగితం,” అని అత్తే ఆపేది. మొన్న నేను చూడ్డానికి వెళ్తే, మోకాళ్ల నొప్పితో తాను పోలేక పన్ను కట్టిరమ్మని నన్ను పంపింది. నేను కట్టుకున్నది ఈ ఏడు పెట్టెలోంచి తీసిన చీర. ఇక నుంచి నువ్వు కట్టు అని అత్తే ఇచ్చింది. కౌంటరులో కుర్రవాడు పాత పేర్లన్నీ సరిచేస్తున్నాడట. ఎర్రక్క పేరు చూసి, తలెత్తి నన్ను చూసి, చాలా మర్యాదగా అడిగాడు. “ఆళు ఉయిరోడ ఇరుక్కాంగళా?”

“ఇరుక్కాంగ,” అన్నాను. ఉన్నారండి అని.

అతను ఏదో టిక్కు పెట్టి రసీదు చేతికిచ్చాడు. పని మొత్తం ఆ ఒక్క మాటతో అయిపోయింది. నేను రసీదు తెచ్చి ఇస్తే అత్త పెట్టెలో పెట్టి, “అక్కడ ఎవరినీ తిట్టలేదా అమ్ముణీ?” అని అనుమానంగా అడిగింది. లేదత్తా అన్నాను. చెప్పాక, బెంచీ మీద నిలబడైనా సరే రెండువందల ఏళ్లు అని అరిచే ఒకప్పటి ఆ లాయరమ్మ మీద ఎందుకో కాస్త బెంగ కలిగింది.